కుందేలుకు సిరంజితో మందు పట్టించడం: విజయవాడ, గుంటూరు పెంపకందారుల అనుభవాలు

పటమట నుంచి ఒక పాఠకురాలు:
నమస్కారమండీ. మా కుందేలుకు దవడ పళ్ళు అతిగా పెరిగి నాలుకకు గీరుకుంటున్నాయని వైద్యులు వాటిని అరగదీశారు. నొప్పి తగ్గడానికి మెలాక్సికామ్ ద్రవాన్ని రోజుకొకసారి సూది లేని సిరంజితో నోట్లో వేయమన్నారు. ఆసుపత్రిలో వారు వేసినప్పుడు క్షణంలో అయిపోయింది గానీ, ఇంట్లో అది తల విదిలించి, వెనక కాళ్ళతో తన్ని, మందునంతా గడ్డం కిందికి కార్చేస్తున్నది. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనన్న భయం ఒకవైపు, పూర్తిగా అందడం లేదేమోనన్న బెంగ మరొకవైపు. ఎలా పట్టుకోవాలో, సిరంజిని ఎటునుంచి పెట్టాలో అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరా?

బ్రాడీపేట, గుంటూరు:
అన్నిటికంటే ముందు, దానిని వెల్లకిలా పడుకోబెట్టకండి. పసిపిల్లలను కాళ్ళ మీద వేసుకుని ఉగ్గు పట్టే అలవాటు వల్ల మన ఇళ్ళలో పెద్దవారు కుందేలును కూడా అలాగే పట్టుకోబోతారు. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకునే జీవి, పైగా వాంతి చేసుకోలేదు. తల వెనక్కి వాలి ఉన్నప్పుడు వేసిన ద్రవం శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. వెల్లకిలా వేయగానే అది కదలకుండా ఉండిపోతే హాయిగా ఉన్నదని అనుకుంటారు గానీ, అది భయంతో బిగుసుకుపోవడం మాత్రమే.

మేము నేల మీద చాప పరిచి మోకాళ్ళ మీద కూర్చుని, కుందేలును రెండు తొడల మధ్య, దాని వెనక భాగం మా ఒడికి ఆనేలా కూర్చోబెడతాము. వెనక్కి జరగడానికి చోటు ఉండదు, పాదాలు జారవు. నున్నటి టైల్స్ మీద గానీ, ఎత్తైన బల్ల మీద గానీ ఈ పని పెట్టుకోవద్దు. వెనక కాళ్ళకు ఆధారం లేనప్పుడు గట్టిగా తన్నితే కుందేలు వెన్నెముక విరిగే అవకాశం ఉన్నది.

ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఒకటి ఉంటుంది. పెదవి పక్క నుంచి ఆ ఖాళీలోకి సిరంజి కొనను దూర్చి, గొంతు వైపు కాకుండా ఎదుటి చెంప వైపు కొద్దిగా ఏటవాలుగా తిప్పండి. సుమారు 0.2 మి.లీ. వదిలి ఆగండి. అది నమిలి మింగడం దవడ కదలికలో స్పష్టంగా తెలుస్తుంది, ఆ తరువాతనే మరికొంచెం. తొందర పనికిరాదు.

మొగల్రాజపురం, విజయవాడ:
తువ్వాలులో చుట్టడం గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇతర ప్రాంతాల వారు ఇచ్చే సలహా మన ఎండలకు యథాతథంగా సరిపోదు. బెదురు కుందేలును ముందు కాళ్ళు లోపల ఉండేలా చుట్టడం మంచిదే గానీ, కుందేళ్ళకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల గుండానే పోతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మే నెలలో మందమైన తువ్వాలు చుట్టి పెనుగులాడితే వడదెబ్బ తగలవచ్చు. పలుచని నూలు తువ్వాలు తీసుకుని, చెవులు బయటే ఉంచి, చల్లబడిన గదిలో తెల్లవారుజామున గానీ పొద్దుపోయాక గానీ ఇవ్వండి. పని పూర్తికాగానే విప్పేయండి. మొదలుపెట్టే ముందు సిరంజి కొనకు నలిపిన అరటిపండు రవ్వంత రాస్తే చాలా కుందేళ్ళు తామే నోరు తెరుస్తాయి.

మందు కారిన గడ్డాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం మరవకండి. తీపి మందైతే చీమలు వెంటనే పడతాయి, తడిసిన బొచ్చు కింద చర్మం పుండవుతుంది.

గన్నవరం, పశువైద్య విద్యార్థి:
పైన చెప్పిన పద్ధతులు సరైనవే. అయితే సిరంజి ఎంత బాగా పెట్టినా, అందులో ఉన్న మందు పరిమాణం తప్పితే ప్రయోజనం లేదు. మెలాక్సికామ్ ద్రవం మి.లీ.కు 0.5 మి.గ్రా. గాఢతతోనూ, 1.5 మి.గ్రా. గాఢతతోనూ దొరుకుతుంది. అదే 0.4 మి.లీ. తీసుకుంటే ఒక సీసా నుంచి 0.2 మి.గ్రా., మరొకదాని నుంచి 0.6 మి.గ్రా. వస్తుంది. సీసా మార్చినప్పుడల్లా పైన రాసినది చదివి, వైద్యులకు చెప్పి, ఎన్ని మి.లీ. అన్నది మళ్ళీ అడగండి. సీసాను బాగా కుదిపి, 1 మి.లీ. సిరంజిలోకే తీసుకోండి, పెద్ద సిరంజిలో అంత చిన్న కొలత కచ్చితంగా రాదు.

ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టించవద్దు. అమాక్సిసిలిన్ వంటి పెనిసిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణం మీదికి వస్తుంది.

పటమట పాఠకురాలు:
అందరికీ ధన్యవాదాలు. చాప మీద కూర్చోబెట్టి పక్క నుంచి వేస్తే ఈ రోజు చాలావరకు మింగింది. సగం కారిపోయినప్పుడు మళ్ళీ వేయవచ్చా? దగ్గు వస్తే ఏమి చేయాలి?

గన్నవరం, పశువైద్య విద్యార్థి:
ఎంత లోపలికి పోయిందో అంచనా వేసి మళ్ళీ పట్టించకండి. మీ వైద్యులకు ఫోను చేసి వారు చెప్పినట్టు చేయండి. దగ్గినా, ముక్కు నుంచి ద్రవం వచ్చినా వెంటనే ఆపి, తల కిందికి వంగేలా నేల మీద వదిలేయండి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పళ్ళ నొప్పి ఉన్న కుందేలు కాబట్టి, మందు అందినప్పటికీ పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా దానిని కూడా అత్యవసరంగానే చూడండి.