ఫోటో ఎడిటర్ డార్క్‌టేబుల్ బిల్డ్ అయింది కానీ లువా (స్క్రిప్ట్‌లు రాసే భాష) సపోర్ట్ రావట్లేదు, ఎవరైనా చెప్పండి

ఉబుంటులో డార్క్‌టేబుల్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేసుకున్నాను. గిట్‌లో క్లోన్ చేసేటప్పుడు సబ్‌మాడ్యూల్స్, అంటే లోపల వాడే వేరే ప్రాజెక్టుల కోడ్, మర్చిపోయి (వాటిలో ఒకటైన రాస్పీడ్ ఫోల్డర్ ఖాళీగా ఉందని తెలియక ఒక సాయంత్రమంతా పోయింది) మళ్ళీ మొదటి నుంచి చేస్తే, బిల్డ్ స్క్రిప్ట్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయి ఆప్ట్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయింది. తీరా తెరిచి చూస్తే లైట్‌టేబుల్‌లో (ఫోటోలన్నీ కనిపించే స్క్రీన్) ఎడమ పక్కన కనిపించాల్సిన స్క్రిప్ట్స్ మాడ్యూల్ లేదు. టెర్మినల్‌లో వెర్షన్ అడిగితే లువా ఎదురుగా డిజేబుల్డ్ అని వస్తోంది.

వెనక్కి స్క్రోల్ చేసి చూస్తే సీమేక్ (బిల్డ్‌కి కావాల్సినవి వెతికి సిద్ధం చేసే టూల్) ఎక్కడో మధ్యలో లువా 5.4 దొరకలేదని ఒక్క లైన్ చెప్పి, దాన్ని పక్కన పెట్టేసి ముందుకెళ్ళిపోయింది. ఆప్షనల్ అయితే మాత్రం ఇంత గుట్టుగానా! నా దగ్గర అప్పటికి లువా 5.3 డెవ్ ప్యాకేజీ (కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్ళు) ఉంది. 5.4 డెవ్ కూడా వేసి, బిల్డ్ ఆప్షన్లలో యూజ్ లువా ఆన్ పెట్టి మళ్ళీ నడిపినా అదే మాట.

పాత బిల్డ్ ఫోల్డర్‌లో సీమేక్ క్యాష్ (ముందు వెతికిన ఫలితాలు దాచుకునే ఫైల్) మిగిలిపోవడం వల్లా ఇది? ఆ ఫోల్డర్ మొత్తం తీసేస్తే చాలా, లేక 5.3ని కూడా తీసేయాలా?

ఇంకో టెన్షన్. ప్యాకేజీగా వచ్చిన పాత వెర్షన్ కూడా ఉంచుకోవాలి, చెల్లి పెళ్ళి ఫోటోల ఎడిట్లన్నీ అందులోనే ఉన్నాయి. కొత్తది ఒకసారి డేటాబేస్‌ని అప్‌గ్రేడ్ చేస్తే పాతది దాన్ని తెరవదు కదా, అందుకే ఇప్పటిదాకా వేరే కాన్ఫిగ్ ఫోల్డర్ ఇచ్చి నడుపుతున్నాను. అలాంటప్పుడు లువాఆర్‌సీ ఫైల్ (ఏ స్క్రిప్ట్‌లు నడపాలో చెప్పేది) కూడా ఆ ఫోల్డర్‌లోనే పెట్టాలా?