కొత్త స్ప్రింగు ఎయిర్ రైఫిల్: మొదటి డబ్బా పెల్లెట్లు అయ్యేలోపు ఏమేం చూసుకోవాలి?

హోస్కోటె_రోడ్డు:
అందరికీ నమస్కారం. మాది బెంగళూరు, కె.ఆర్.పురం అవతల. బ్యారెల్ విరిచి కాక్ చేసే (అంటే స్ప్రింగుని బిగించి పేల్చడానికి సిద్ధం చేసే) రకం స్ప్రింగు ఎయిర్ రైఫిల్ తీసుకున్నాను. 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ రంధ్రం), దాంతోపాటే 4 రెట్లు దగ్గరగా చూపే స్కోపు. కొట్టులో ఆధార్ నకలు తీసుకుని బిల్లు ఇచ్చారు, లైసెన్సు అక్కర్లేదన్నారు. మొదటి పది దెబ్బలకి పొగ, మాడిన నూనె వాసన, టపాకాయ లాంటి చప్పుడు వచ్చాయి. బల్ల మీద ఆనించి 10 మీటర్ల నుంచి కొడితే ఐదు పెల్లెట్లు (సీసం గుళ్లు) అరచేయంత మేర చెదిరిపోతున్నాయి. లోపల నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేస్తే సాఫీ అవుతుందని ఒకరన్నారు. వేయొచ్చా? స్కోపు ఇప్పుడే పెట్టాలా? మేడ మీద 12 మీటర్ల జాగా, చుట్టూ పిట్టగోడ ఉంది. అక్కడ కొట్టుకోవచ్చా?

స్ప్రింగు_పిచ్చి:
అన్నా, ముందు ఆ కొబ్బరినూనె సీసా వంటింట్లో పెట్టేయండి. మీకొచ్చిన పొగ అసలు నూనె ఎక్కువై వచ్చిందే.

ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకు తోస్తుంది. సిలిండర్లో గాలి ఒక్కసారిగా నలిగి బాగా వేడెక్కుతుంది. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు, నూనె అక్కడ మిగిలుంటే అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్లో జరిగేది కూడా ఇదే, అందుకే దీన్ని డీజిలింగ్ అంటారు. కొత్త రైఫిల్‌కి మొదటి యాభై, వంద దెబ్బల దాకా సన్నగా పొగ రావడం మామూలే. చప్పుడు మాత్రం ప్రతి దెబ్బకీ టపాకాయలా వస్తుంటే పిస్టన్ సీలు మాడుతుంది, స్ప్రింగు దెబ్బతింటుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే, వీటిలో ఏదీ బ్యారెల్ వెనక కనిపించే ఆ చిన్న గాలి రంధ్రంలోకి పోకూడదు. నూనె పెట్టాల్సింది బ్యారెల్ మడత పడే కీలుకి, కాకింగ్ కడ్డీ కీలుకి, చెరో చుక్క, అంతే.

బ్యారెల్‌ని ఒక్కసారి తుడవండి. నైలాన్ గేలపు దారం మడిచి బ్యారెల్ గుండా దూర్చి, దాని ఉచ్చులో చిన్న నూలు గుడ్డ ముక్క పెట్టి, పెల్లెట్ పెట్టే వైపు నుంచి మూతి వైపుకి లాగండి. మొదటి గుడ్డ నల్లగా వస్తుంది. నాలుగైదు ముక్కలయ్యాక తెల్లగా వస్తే ఆపేయండి. ఇనప కడ్డీ మూతి వైపు నుంచి దూర్చొద్దు. పెల్లెట్ చివరగా వదిలి వెళ్లే అంచు అదే, అక్కడ గీత పడితే గురి పోయినట్టే.

ఇక స్క్రూలు. బ్యారెల్ కిందుండే ముందు చెక్కకి అటొకటి ఇటొకటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. స్ప్రింగు అదురుకి ఇవే ముందు వదులవుతాయి. మీ పెల్లెట్లు చెదరడానికి నేను మొదట అనుమానించేది వీటినే. సరిపోయే స్క్రూడ్రైవరుతో బిగువు చూడండి, పాతిక దెబ్బలకోసారి మళ్లీ చూడండి. మరీ బలంగా తిప్పితే చెక్క నలుగుతుంది. ఊరికే వదులవుతుంటే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూని పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క చాలు, ఎర్రది వద్దు, మళ్లీ ఊడదు.

పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చకండి. పెల్లెట్ అడ్డుంటేనే గాలి మెత్తలా పనిచేసి పిస్టన్‌ని ఆపుతుంది. అది లేకపోతే పిస్టన్ నేరుగా సిలిండర్ చివర గుద్దుకుంటుంది. కాక్ చేసి గంటలు గంటలు వదిలేయొద్దు. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకునే ఉండాలి. తెరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ జారితే బ్యారెల్ గిలక్కొట్టినట్టు పైకి లేస్తుంది. వేళ్లు నలుగుతాయి, బ్యారెల్ వంగిపోతుంది.

కాగితం_పులి:
పైన చెప్పినవాటికి ఒక్క మాట కలుపుతాను. బ్యారెల్ తుడవగానే గ్రూపు (ఒకే గురికి వరసగా కొట్టిన పెల్లెట్ల చిల్లుల గుంపు) చూడొద్దు. తుడిచాక సీసం సన్నటి పూత మళ్లీ సర్దుకునేదాకా ఇరవై, ముప్పై పెల్లెట్లు ఎటంటే అటు పోతాయి. అవి లెక్కలోకి తీసుకోకండి. తర్వాత గురి తప్పితేనే మళ్లీ తుడవాలి, వారం వారం అక్కర్లేదు.

అసలు తప్పు మీ బల్ల దగ్గరుంది. స్ప్రింగు రైఫిల్ ముందు వెనక్కి, వెంటనే ముందుకి అదురుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే ఇదంతా అయిపోతుంది. గట్టి బల్ల మీద ఆనిస్తే ఆ అదురు దెబ్బదెబ్బకీ ఒక్కో తీరుగా ఎగురుతుంది. బల్ల మీద దిండు వేసి, దాని మీద మీ ఎడమ అరచెయ్యి తెరిచి పెట్టి, ఆ అరచేతిలో రైఫిల్‌ని తూకం కుదిరే చోట ఊరికే కూర్చోబెట్టండి. వేళ్లతో పట్టుకోవద్దు. భుజానికి తగిలీ తగలనట్టు, చెంప ఆనీ ఆననట్టు ఉండాలి. ఎగరాలనుకుంటే ఎగరనివ్వండి, ప్రతిసారీ ఒకేలా ఎగిరితే చాలు. అరచెయ్యి పెట్టే చోట చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి, రెండు అంగుళాలు జరిగినా పెల్లెట్ తగిలే చోటు మారిపోతుంది.

పెల్లెట్ల సంగతి. ఒకే రకం డబ్బా కొని రైఫిల్‌ని తిట్టొద్దు. 7 నుంచి 8.5 గ్రెయిన్ల (దాదాపు 0.45 నుంచి 0.55 గ్రాముల) బరువు మధ్య మూడు రకాలు తెచ్చుకోండి. కాగితం మీద 10 మీటర్లకి బల్లపరుపు తలవి బాగుంటాయి, గుండ్రంగా చిల్లు పడి లెక్క తేలిగ్గా తెలుస్తుంది. 20 మీటర్లు దాటితే గుండ్రటి తలవే వాడాలి. మరీ తేలికవైతే పిస్టన్ గుద్దుకుంటుంది, మరీ బరువైతే పిస్టన్ వెనక్కి ఎగిరిపడుతుంది. వెనక అంచు నొక్కుకుపోయినవి ఏరి పక్కన పెట్టండి. రకానికి ఐదేసి చొప్పున నాలుగు గ్రూపులు కొట్టాకే తేల్చుకోండి, ఒక్క గ్రూపు చూసి మురిసిపోవద్దు. సీసం కదా, అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

స్కోపు ఇప్పుడే వద్దు. 200 దెబ్బలు ఇనప గురితోనే (రైఫిల్ మీదే ముందూ వెనకా ఉండే గురి గుర్తులతో) కొట్టండి. వెనక గురిని ఎటు జరిపితే పెల్లెట్ అటు జరుగుతుంది, పైకంటే పైకి, కుడికంటే కుడికి. ఈ దశలో స్కోపు పెడితే తప్పు చేతిదా, స్క్రూదా, స్కోపుదా అన్నది తేలదు.

హోస్కోటె_రోడ్డు:
ధన్యవాదాలు. ముందు చెక్క స్క్రూలు రెండూ పావు చుట్టు వదులుగానే ఉన్నాయి. బిగించి, అరచెయ్యి పద్ధతిలో కొడితే ఐదూ రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద మేరలో పడ్డాయి. కాకపోతే బ్యారెల్ మూసే చోట బుగ్గ మీద గాలి తగులుతోంది.

స్ప్రింగు_పిచ్చి:
అది బ్రీచ్ సీలు, అంటే బ్యారెల్ వెనక కొసన ఉండే రబ్బరు రింగు. చూసే పద్ధతి తేలిక. సన్నటి టిష్యూ కాగితం ముక్క ఆ అతుకు మీద వేసి, పెల్లెట్ పెట్టి, పెల్లెట్లని ఆపే లక్ష్యం పెట్టె వైపు గురి చూసి పేల్చండి. కాగితం ఎగిరితే గాలి కారుతున్నట్టే. రింగు మీద ఇనప రజనో, సీసం ముక్కో అంటుకుందేమో తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ కారితే కొత్త రింగు వేయించుకోండి, లేదా పాత రింగు కింద సన్నటి కాగితం రింగు పెట్టి కాస్త పైకి లేపండి. గాలి కారుతున్నంతకాలం వేగం దెబ్బదెబ్బకీ మారుతుంది, అందువల్ల పైకీ కిందకీ చెదురుతాయి.

మెట్లగది:
మేడ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పిట్టగోడ పెల్లెట్‌ని ఆపదు. నిలబడి కొడితే అది నడుమెత్తే కదా, గురి కాస్త లేస్తే పెల్లెట్ దాని మీంచి అవతలి వీధిలోకి పోతుంది. 0.177 పెల్లెట్ 300 మీటర్లు పైనే పోగలదు. ఇటుకకి తగిలితే వెనక్కి తుళ్లుతుంది. మెట్ల గది గోడకి ఆనించి, నేలకి దగ్గరగా పెట్టె పెట్టి, మీరు కుర్చీలో కూర్చుని కాస్త కిందికి వాలేలా కొట్టండి. మెట్ల తలుపుకి మేడ వైపు నుంచి గడియ వేయడం మర్చిపోవద్దు. పిల్లలు తలుపు తోసుకుని నేరుగా గురి ముందుకే వస్తారు.

పెట్టె అంటే 30 సెంటీమీటర్ల చదరం చెక్క డబ్బా. లోపల వెనక 3 మిల్లీమీటర్ల ఇనప రేకు, దాని ముందు పాత పుస్తకాలు గట్టిగా కట్టి కనీసం 10 సెంటీమీటర్ల మందం. ముందు వైపు లక్ష్యం కాగితం. రేకు ఒక్కటే నిలువుగా పెడితే పెల్లెట్ మీ వైపే తిరిగొస్తుంది. పుస్తకాల మధ్య గుంట పడ్డప్పుడల్లా మార్చండి. మీరూ, పక్కనున్నవాళ్లూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. పక్కింటి కిటికీ మీ గురి గీతకి దగ్గర్లో ఉంటే మేడ మానేసి షూటింగ్ రేంజికి వెళ్లండి, దీన్లో బేరం లేదు.

చట్టం మాట. ఆయుధ నియమాలు 2016 ప్రకారం 0.177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. లెక్క ఇలా వేసుకోవచ్చు: 8.4 గ్రెయిన్లంటే 0.54 గ్రాములు, సెకనుకి 240 మీటర్ల వేగంతో వెళ్తే 15.7 జౌళ్లు. స్ప్రింగు మార్చి శక్తి పెంచుకుందామనుకునేవాళ్లు ఈ గీత ఎక్కడుందో చూసుకోవాలి. బిల్లు, గుర్తింపు కార్డు నకలు సంచిలోనే పెట్టుకోండి, కారులో తీసుకెళ్లేటప్పుడు పెల్లెట్ లేకుండా సంచిలోనే ఉంచండి. పావురాలు, కోతులు, కుక్కల జోలికి పోవద్దు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972, జంతు హింస నివారణ చట్టం 1960 ఉన్నాయి.

కాగితం_పులి:
స్కోపు పెట్టే రోజుకి ఇంకో రెండు మాటలు. స్కోపు మీద ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాసి ఉందా చూడండి. ముందుకి కొట్టే అదురుకి మామూలు స్కోపుల లోపలి తీగ గుర్తు తెగిపోతుంది. మౌంటు (స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు) వెనక్కి జారకుండా పిన్ను ఉండాలి. స్కోపు మీది గురి తిప్పే మరలో ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అయితే 10 మీటర్ల దగ్గర 0.7 మిల్లీమీటర్లే జరుగుతుంది, అంటే 2 సెంటీమీటర్లు కింద తగులుతుంటే 27, 28 క్లిక్కులు పైకి తిప్పాలి. స్కోపు బ్యారెల్ కంటే దాదాపు 4 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, 10 మీటర్లకి కుదిర్చిన గురితో 5 మీటర్ల దగ్గర కొడితే 2 సెంటీమీటర్లు కింద తగులుతుంది. అది చూసి మళ్లీ క్లిక్కులు తిప్పడం మొదలుపెట్టకండి.