'పాత చింతకాయ పచ్చడి' అని దేన్ని అనాలి?

మా అక్క కూతురికి ఇంగ్లీషు ఫాంటసీ నవలల పిచ్చి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే సెకండ్‌హ్యాండ్ పుస్తకాలన్నీ ఇంటికి మోస్తుంది. మొన్న కసాండ్రా క్లేర్ 'క్లాక్‌వర్క్ ఏంజెల్' చదివి తెలుగులో నాలుగు ముక్కలు రాసి చూపించింది. మొదటి వాక్యమే "ఇదంతా పాత చింతకాయ పచ్చడి". పంటికింద రాయి తగిలినట్టయింది నాకు.

తెలియనివాళ్ళ కోసం: అసలు సిరీస్ 2007లో 'సిటీ ఆఫ్ బోన్స్'తో మొదలైంది, ఇప్పటి న్యూయార్క్ కథ. 2010లో వచ్చిన ఈ పుస్తకం దానికి పూర్వకథ, 1878 నాటి లండన్. అక్కడ క్లారీ తల్లి మాయమవుతుంది, ఇక్కడ టెస్సా అన్న. ఇద్దరికీ తమలో ఉన్న శక్తి సంగతి తెలీదు, ఇద్దరూ రాక్షసుల్ని వేటాడేవాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌కే చేరతారు, ఇద్దరికీ నోటిదురుసు అందగాడొకడు (అక్కడ జేస్, ఇక్కడ విల్) తగులుతాడు, పక్కనే ఇంకో మంచి పిల్లాడు (అక్కడ సైమన్, ఇక్కడ జెమ్). మాగ్నస్ బేన్ అనే మాంత్రికుడైతే రెండు చోట్లా ఉన్నాడు. పిల్ల కోపం న్యాయమే, మాట దగ్గరే నా పేచీ.

"ఆయనవన్నీ పాత చింతకాయ పచ్చడి భావాలు" అంటే ఈ రోజుల్లో అవి చెల్లవని కదా? చెప్పిందే చెప్తే చర్వితచర్వణం, అంటే నమిలిందే నమలడం. పిష్టపేషణం అని ఇంకోటుంది, పిండినే మళ్ళీ పిండి చేయడం, కానీ ఇంటర్ పిల్ల అది రాస్తే ఎవరూ నమ్మరు. మీరేమంటారు?

—

అన్నా, మా ఇంట్లో దాన్ని చింతకాయ తొక్కు అంటారు, సామెతకొచ్చేసరికి మాత్రం మా అమ్మ కూడా పచ్చడే అంటుంది. అయినా పాతదైతే తప్పేంటి? జ్వరం పడి లేచినవాళ్ళకి, బాలింతలకి వెతికి మరీ పెట్టేది ఆ పాతదే. చింతకాయలు ఉప్పూ పసుపూ వేసి దంచి, రెండు మూడు రోజులాగి పీచూ గింజలూ తీసేసి, మళ్ళీ నూరి జాడీకెత్తుతాం. ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. దాన్ని అలాగే వడ్డించరు, కావలసినంత తీసి ఎండుమిర్చి, మెంతులు, ఇంగువ పోపు పెట్టి నూరుకుంటాం. మీరు చెప్పిన పుస్తకం కూడా అంతేగా, జాడీలోది పాతదే, పోపు లండన్‌ది.

—

విశ్వనాథవారి 'మరల నిదేల రామాయణం బన్నచో' పద్యం చూడండి. రోజూ తినే అన్నమే తింటున్నాం, ఎవరి రుచి వాళ్ళదని జవాబు చెప్పారాయన. చర్వితచర్వణం అనేముందు కాస్త ఆగాలండీ.

—

అది రాసేవాడి వకాల్తా అండీ. తలచిన రాముణ్ణే తలుస్తానని కవి అనొచ్చు, కానీ డబ్బు పెట్టి కొన్న పాఠకురాలు 'మళ్ళీ ఇదెందుకు' అని అడుగుతుంది, ఆ ప్రశ్న ఆ పద్యంలోనే ఉంది. పైగా రామాయణం ముందు కూర్చునేవాడికి కథంతా తెలుసు, తెలిసే కూర్చుంటాడు. ఇలాంటి నవలలు బతికేది తర్వాతేమవుతుందనే టెన్షన్ మీద.

తమ్ముడూ, పోపు మాట బాగుంది, అయితే ఆ పుస్తకంలో పోపొక్కటే మారలేదు. జెమ్ అనే కుర్రాడికి యిన్ ఫెన్ అనే మందు లేకపోతే బతుకు లేదు, ఆ మందే వాణ్ణి మెల్లగా చంపుతుంటుంది. పాత సిరీస్‌లో సైమన్‌కీ జేస్‌కీ మొదట్లో అసలు పడదు, ఇక్కడ విల్, జెమ్ ఒకరికోసం ఒకరు ప్రాణమిస్తారు, దాంతో అదే ముక్కోణపు ప్రేమకథ వేరే బరువెక్కింది.

నాకు తోచిన మాట పోలిక. (పాత సిరీస్ మూడో పుస్తకం దాకా చదవనివాళ్ళు ఇక్కడ కళ్ళు మూసుకోండి.) జేస్ పుట్టింది విల్ వంశంలోనే. మామూలుగా మనవడికి తాత పోలిక వచ్చిందంటాం, ఇక్కడ మనవడి పుస్తకం ముందు పుట్టింది కాబట్టి తాతకే మనవడి పోలిక వచ్చింది. అలాగే రాయమని అమ్మాయికి చెప్తే, "విల్ సంగతి సరే మామయ్యా, మనుషులు మాయమవడం, ఇన్‌స్టిట్యూట్‌లో తేలడం, ఇవి కూడా వంశపారంపర్యమేనా?" అంది.

వాటికి మాత్రం చర్వితచర్వణమే ఉంచుకోమన్నాను.