పీహెచ్‌డీ వాళ్లని వేసవిలో స్టైపెండ్ ఇచ్చి స్వచ్ఛంద సంస్థలకి పంపితే మంచిదా, టైమ్ దండగా?

నంబూరు_హాస్టల్: అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ విద్యార్థుల్ని వేసవిలో ఊళ్లోని స్వచ్ఛంద సంస్థల్లో పనికి పంపుతాయి. ఆ రెండు మూడు నెలల డబ్బు సంస్థ మీద పడదు, యూనివర్సిటీయే ఇస్తుంది. నాగార్జున యూనివర్సిటీలో ఇలాంటిది పెడితే ఎలా ఉంటుందని నిన్న రాత్రి మెస్సులో పెద్ద గొడవ. అటు విజయవాడ, ఇటు గుంటూరు, చేయడానికి పనికి కొదవ లేదు. నేనైతే పెట్టాలనే అంటాను. మా రూమ్మేట్ మాత్రం "ఉన్న థీసిస్సే తెమలట్లేదు, మళ్లీ ఇదొకటా" అన్నాడు.

జేఆర్ఎఫ్_బాధితుడు: వేసవి సెలవులు ఎవరికి తమ్ముడూ? జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వాళ్లకి పబ్లిక్ హాలిడేలు కాక ఏడాదికి 30 రోజులే సెలవు. వేసవి సెలవులు మనకి వర్తించవని, ఈ ఫెలోషిప్ ఇచ్చే యూజీసీ స్పష్టంగా రాసింది. నెలకి 37,000 తీసుకుంటూ ఇంకోచోట డబ్బు తీసుకుంటే అదో తలనొప్పి. నాకు ఈ స్కీమ్ వల్ల వచ్చేది టెన్షన్ ఒక్కటే.

గంటల_లెక్చరర్: పైన అన్నగారికి 37,000 వస్తున్నాయి కాబట్టి అలా అంటున్నారు. నాకు ఏ ఫెలోషిప్పూ లేదు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తాను. ఏప్రిల్ ఆఖరుకి క్లాసులు అయిపోతే జూన్ దాకా పైసా రాదు. పోయిన ఏడు ఆ రెండు నెలలూ ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పి అద్దె కట్టాను. థీసిస్ ఫైలు తెరిచింది లేదు. అదే డబ్బు నా సబ్జెక్టుకి దగ్గరి పనికి ఇస్తే వద్దంటానా? ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ స్కీమ్ 2024లో మొదలైనప్పుడు చూస్తే అది 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకి, నెలకి 5,000. పైగా పీజీ చేసినవాళ్లు అర్హులు కాదన్నారు. ఎక్కువ చదువుకోవడం మన తప్పే మరి.

రిటైర్డ్_మాస్టారు: బాబూ, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆరేళ్లు చాలక ఇంకో రెండేళ్లకి మళ్లీ రిజిస్టర్ చేయించుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ఏటా రెండు నెలలు ఇలా పోతే ఎవరు పూర్తి చేస్తారు? సేవ చేయాలనుకుంటే డిగ్రీ చేతికొచ్చాక చేయండి.

సింగ్‌నగర్_అక్క: నేను పీహెచ్‌డీ కాదు, విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఒక యూనివర్సిటీ నుంచి విద్యార్థులు నాలుగైదు పేజీల ప్రశ్నలతో వచ్చారు. ఒక పెద్దావిడ "ఇది నింపితే పేరు ఎక్కుద్దా అమ్మా?" అని అడిగింది. నీళ్లొచ్చిన ఇళ్లకి కింద అంతస్తు అయితే 25,000, పై అంతస్తులకి 10,000 సాయం అని ప్రభుత్వం ప్రకటించింది కదా, ఆవిడ గోల అది. పాపం ఆ పిల్లలు నీళ్లు నమిలారు. తర్వాత వాళ్లు రాసిన పేపర్ ఏదీ మాకు చేరలేదు.

అప్పుడు మాకు కావాల్సింది సర్వే కాదు. అర్జీలు రాయడానికి, ఆధార్ నంబర్లు తప్పుల్లేకుండా ఎక్సెల్‌లో ఎక్కించడానికి, ఇంగ్లిష్‌లో వచ్చిన కాగితం చదివి తెలుగులో చెప్పడానికి ఒక మనిషి. పంపితే సంతోషం, కానీ పని మేం చెప్పాలి. మీ థీసిస్‌కి డేటా కావాలంటే ఆ విషయం మొదటిరోజే చెప్పండి. ఇంకోటి, మనిషికి మా సందులు తెలియడానికే నెల పడుతుంది. రెండు నెలల తర్వాత వెళ్లిపోతే, నేర్పిన నా టైమ్ సంగతేంటి?

పట్నంబజారు: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ఇంటింటికీ తిరిగేవాళ్లకి దండం.

మిర్చి_ఘాటు: ఎండ సంగతి అలా ఉంచండి. నా థీసిస్ మిర్చి తొడిమలు తీసే ఆడకూలీల మీద. ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) బారులు తీరి ఉంటాయి. మేలో యార్డుకే సెలవులు. వేసవిలో నన్ను అక్కడికి పంపితే తాళాలతో మాట్లాడి రావాలి. అమెరికాలో వేసవంటే వాళ్ల క్లాసులు లేని కాలం కాబట్టి పెట్టుకున్నారు. ఆ కాలాన్ని కూడా దించుకోవడం దేనికి? సింగ్‌నగర్‌లో పని వానల్లో, మాకు పని చలికాలం చివర్లో. డబ్బు రెండు నెలలదే ఇవ్వండి, కానీ వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదంతా వెళ్లనివ్వండి. అక్క చెప్పిన నేర్చుకునే నెల కూడా అందులోనే కలిసిపోతుంది.

రిటైర్డ్_మాస్టారు: వారానికి రెండు రోజులు ఎక్కువ. ఒకరోజు అంటే ఆలోచిస్తాను. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ పని స్కాలర్లకి ఇవ్వొచ్చని ఉంది. దాని బదులు ఇది చేయించవచ్చేమో. గైడ్ ఒప్పుకోవాలి, అది తేలిక కాదు. నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు, నిజం చెప్పాలంటే.

జేఆర్ఎఫ్_బాధితుడు: ఫీల్డ్‌వర్క్ కింద రాయించుకుంటే 30 రోజుల గొడవ కూడా ఉండదు, డబ్బు నాకు అక్కర్లేదు. గంటల లెక్చరర్ గారికి ఇవ్వండి. అక్కా, శనివారాలు వస్తే సరిపోతుందా?

సింగ్‌నగర్_అక్క: శనివారం వద్దు బాబూ. మంగళవారం రా.