విశాఖ నుంచి రేణిగుంటకు విమానంలో అసలు ఎంత దూరం, ఎంతసేపు?

ప్రశ్న
నమస్కారమండి. మా అమ్మగారిని విశాఖపట్నం నుంచి తిరుమల దర్శనానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల, దాదాపు 14 గంటల రైలు ప్రయాణం మాని విమానం చూస్తున్నాను. పటంలో రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు వస్తోంది. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుందంటారు కనుక ముప్పావు గంట చాలాలి, టికెట్‌లో మాత్రం గంటా ఇరవై నిమిషాలని ఉంది. మిగిలిన అరగంట ఎక్కడికి పోతోంది? ఉదయం 10 గంటలకు దిగితే 12 గంటల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి అందుకోగలమా?

మొదటి జవాబు
టికెట్‌లో వేసేది గాలిలో ఉండే సమయం కాదండి. విమానం నిలిపిన చోటి నుంచి కదిలింది మొదలు అవతల మళ్లీ ఆగేవరకూ లెక్క. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉన్నది కాబట్టి, ఒక్కోసారి వారి విమానాలు వెళ్లేదాకా మన విమానం రన్‌వే మొదట్లో ఆగాల్సి వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది వేగం. మీరు చెప్పిన 800 కిలోమీటర్ల వేగం విమానం బాగా ఎత్తుకు చేరాకనే. 10,000 అడుగుల లోపు సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు మించరు. 30,000 అడుగుల నుంచి దిగడానికే 170 కిలోమీటర్లకు పైగా పడుతుంది, ఎక్కడానికీ ఇంచుమించు అంతే. 600లో పూర్తి వేగంతో పోయేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

రెండవ జవాబు
పై లెక్క జెట్ విమానానిది. రెక్కలకు పంకాలున్న ఏటీఆర్ అయితే గరిష్ఠ వేగం గంటకు 500 కిలోమీటర్ల చిల్లరే కనుక ఇంకో ఇరవై నిమిషాలు కలుపుకోండి. దూరం విషయంలో ఒక విశేషం ఉంది. పటంలో ఆ రెండు విమానాశ్రయాలను కలిపే గీతను జాగ్రత్తగా చూస్తే విశాఖ దక్షిణాన పూడిమడక దగ్గర తీరం విడిచి, కాకినాడ, మచిలీపట్నం, ఒంగోలు అన్నిటినీ కుడిచేతి వైపు వదిలేసి, నెల్లూరు దగ్గర మళ్లీ నేల మీదికి వస్తుంది. రోడ్డూ రైలూ విజయవాడ మీదుగా తీరం వంపు వెంట తిరిగి రావాలి, అందుకే అక్కడ 750 కిలోమీటర్లు. విమానం కూడా అచ్చంగా గీత మీదే పోదు, నిర్ణీత మార్గాలను అనుసరిస్తుంది.

మూడవ జవాబు
నేను మా నాన్నగారితో వెళ్లివచ్చాను కనుక చెబుతున్నాను, 12 గంటలది తీసుకోవద్దు. చక్రాల కుర్చీ అడిగితే అందరూ దిగాకనే తీసుకువస్తారు. సామాను వచ్చి టాక్సీ ఎక్కేసరికి పదిన్నర దాటుతుంది. రేణిగుంట నుంచి అలిపిరి చేరడానికి అరగంట పైనే. అక్కడ వాహనం దిగి సంచులన్నీ తనిఖీ యంత్రంలో పెట్టించాలి, వారాంతమైతే ఆ వరుసే పెద్దది. తరువాత ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఎంత తొందరపడినా 28 నిమిషాల కన్నా ముందు పైకి చేరకూడదు, అది దేవస్థానం వారి నియమం. మధ్యాహ్నం మూడు తరువాతి సమయం తీసుకుంటే ఆవిడ కాస్త నడుం వాల్చి వెళ్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. సాయంత్రం నాలుగు గంటలది తీసుకున్నాను. కుడివైపు కిటికీ సీటు అమ్మకు ఇస్తున్నాను, మా ఊరు కాకినాడ తీరం దూరంగానైనా కనిపిస్తుందేమో.