అప్‌డేట్: తూటాల వేగంలో తేడా తగ్గింది, అసలు దొంగ దొరికాడు

పోయిన నెల నేనడిగింది ఇదీ: టెక్సస్‌లో ఇంట్లోనే నింపుకుంటున్న 6.5 క్రీడ్‌మూర్ అనే రకం రైఫిల్ తూటాల్లో పౌడర్ తూకం ఒక్కటే అయినా, అన్నిటికంటే వేగంగా వెళ్లిన దానికీ నెమ్మదిగా వెళ్లిన దానికీ సెకనుకు 62 అడుగుల తేడా ఎందుకొస్తోందని.

అందరూ త్రాసునే అనుమానించారు, నేనూ అంతే. ఏసీ గాలి తగిలితే ఎలక్ట్రానిక్ త్రాసు అంకె మెల్లగా జరగడం నిజమే. అట్టపెట్టె అడ్డం పెట్టి తూచాను. 62 కాస్తా 55 అయింది, అంతే.

అసలు దొంగ కేసు మెడ, అంటే పౌడర్ నింపే ఇత్తడి గొట్టంలో బుల్లెట్‌ను పట్టుకునే పైభాగం. స్టీలు పిన్నులేసి నీళ్లలో కడగడం మొదలెట్టాక ఇత్తడి కేసులు తోమిన బిందెల్లా మెరుస్తుంటే మురిసిపోయాను. ఆ తళతళే కొంప ముంచింది! మెడ లోపలి మసి మొత్తం పోయి, ఒక బుల్లెట్ జారినట్టు, ఇంకోటి కిర్రుమంటూ దిగేది. పట్టు ఒక్కోలా ఉండేసరికి వేగమూ ఒక్కోలా వచ్చేది. బుల్లెట్‌ను కేసులోకి నొక్కే ప్రెస్ హ్యాండిల్ పట్టుకున్న చేతికి తెలుస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు మెడల్ని అనీల్ చేసి (వేడిచేసి మెత్తబరిచి), మ్యాండ్రెల్ అనే కడ్డీ దూర్చి సైజు సమం చేసి, లోపల కాస్త గ్రాఫైట్ పొడి అద్దుతున్నాను. 20 షాట్లకు తేడా 24 అడుగులు. (మొదటి 5 షాట్లకు 9 అని చూపించి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ నన్ను బాగానే ఊరించింది. ఐదు చూసి సంబరపడొద్దన్న అన్నకు దండం.)

నా పౌడర్ తూకం మాత్రం అడక్కండి. ఎవరి రైఫిల్‌కు వాళ్లు మాన్యువల్ చూసి, కింది తూకం నుంచే మొదలుపెట్టాలి. ప్రైమర్ (పౌడర్‌కు నిప్పంటించే చిన్న మూత) మార్చి చూడటం ఇంకా మిగిలింది.