ఆస్ట్రేలియా తుపాకీ చట్టం అమెరికాలో నిలబడుతుందా?

తీరం:
1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది కాల్పులకు బలయ్యారు. 12 రోజుల్లో అక్కడి రాష్ట్రాలన్నీ తుపాకుల నియంత్రణపై ఒకే ఒప్పందానికి వచ్చాయి. అమెరికాలో కాల్పులు జరిగిన ప్రతిసారీ ఆ చట్టం ఇక్కడా తెస్తే పోలేదా అంటారు. అందులో ఏ ముక్క అక్కడ పనిచేస్తుంది, ఏది చేయదు? విడివిడిగా చూద్దాం. 'అక్కడి సంస్కృతి వేరు' అని తేల్చేస్తే చర్చే ఉండదు.

చట్టంపేజీ:
ప్రభుత్వం తుపాకులు తిరిగి కొన్న సంగతే అందరికీ గుర్తుంటుంది. మెడికేర్ లెవీని (ఆదాయంపై వేసే వైద్య పన్ను) ఒక ఏడాది 1.5 నుంచి 1.7 శాతానికి పెంచి ఆ డబ్బుతో దాదాపు 6.5 లక్షల తుపాకులు సేకరించారు. కానీ అసలు పట్టు లైసెన్సులో ఉంది. తుపాకీ ఎందుకో సరైన కారణం చూపాలి, ఆత్మరక్షణ కోసం అంటే చెల్లదు. ప్రతి తుపాకీకీ విడిగా అనుమతి, ఒప్పందం ప్రకారం 28 రోజుల ఆగుదల, యజమాని పేరున రిజిస్ట్రేషన్. పైగా దిగుమతి కేంద్రం చేతిలో ఉంది, స్వదేశీ తయారీ తక్కువ. రేవులో ఆపితే సరుకు ఆగింది. అమెరికాలో ఫ్యాక్టరీలే దేశం లోపల ఉన్నాయి.

ఆత్మరక్షణ షరతు అమెరికాలో మొదటి రోజే కొట్టుకుపోతుంది. ఇంట్లో ఆత్మరక్షణకు పిస్టల్ ఉంచుకోవడం హక్కని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

లెక్కలు:
స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2018 అంచనాలో అమెరికా పౌరుల దగ్గర 39.3 కోట్ల తుపాకులు. ఐదో వంతు కొన్నా 7.86 కోట్లు; ఒక్కోదానికి 500 డాలర్లు ఇస్తే 3,930 కోట్ల డాలర్లు. అయినా డబ్బుకంటే పెద్ద చిక్కు, ఎవరి దగ్గర ఏముందో తెలియకపోవడం. కేంద్రం రిజిస్ట్రీ పెట్టకుండా 1986 చట్టం అడ్డుపడుతోంది. దొరికిన తుపాకీ ఆచూకీ తీయాలంటే సీరియల్ నంబర్ పట్టుకుని తయారీదారుని, టోకు వ్యాపారిని, దుకాణాన్ని వరసగా అడగాలి. దుకాణంలో కొనేవాడు నింపే 4473 ఫారంలో మొదట కొన్నవాడి పేరు దొరుకుతుంది. వాడు ఇంకొకరికి అమ్మేసి ఉంటే జాడ చాలాసార్లు అక్కడే తెగిపోతుంది.

న్యూజిలాండ్ ఇదే తప్పుతో ఇబ్బంది పడింది. క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పుల తర్వాత 2019లో దాదాపు 56 వేల తుపాకులు సేకరించారు. అంతకుముందు పూర్తి రిజిస్ట్రీ లేదు కాబట్టి ఇంకా ఎన్ని మిగిలాయో చెప్పలేకపోయారు.

నిదానం:
లెక్కలు గారూ, రిజిస్ట్రీ పెట్టడమూ తేలిక కాదండీ. కెనడా 1995 చట్టంతో రైఫిళ్లు, షాట్‌గన్‌లన్నీ నమోదు చేయించబోతే ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. 2012లో ఎత్తేశారు.

గురి:
నిషేధం రాసే తీరులోనూ లోపం ఉంటుంది. 1994 అమెరికా నిషేధం తాను ఆపే సెమీ ఆటోమేటిక్ (తనంతట తాను తూటా ఎక్కించుకునే) రైఫిల్‌ను బయొనెట్ బిగించే కొక్కెం, పిస్టల్ పిడి లాంటి గుర్తులతో నిర్వచించింది. కంపెనీలు ఒకటి రెండు భాగాలు తీసేసి అదే యంత్రాంగాన్ని మళ్లీ అమ్మాయి. పాతవాటిని ముట్టుకోలేదు. 2004లో గడువు ముగిసి చట్టమే పోయింది. ఆస్ట్రేలియా పిడిని చూడలేదు, తుపాకీ తనంతట తాను తూటా ఎక్కించుకుంటుందా అని చూసింది. అమెరికా నేర్చుకోవాల్సింది ఇదే.

జపాన్ సంగతి మరీ దూరం: రాత పరీక్ష, డాక్టర్ పత్రం, తుపాకీకీ తూటాలకూ వేర్వేరు బీరువాలు, పోలీసుల తనిఖీ. పదేళ్లు షాట్‌గన్ ఉంచుకున్నాకే సాధారణంగా రైఫిల్. ఇంట్లోకి వచ్చే ఆ తనిఖీని అమెరికా కోర్టులు ఒప్పుకోవడం కష్టం.

చట్టంపేజీ:
ఒప్పుకునేది ఒకటుంది: కొనేవాడికి లైసెన్సు. తుపాకీ బయటికి తీసుకెళ్లే హక్కుపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2022 బ్రూయెన్ తీర్పు కూడా నిర్దిష్ట అర్హతలున్న వారందరికీ ఇచ్చే లైసెన్సులను తప్పుపట్టలేదు. ఇప్పుడు కేంద్ర చట్టంలో పెద్ద చిల్లు, నేపథ్య తనిఖీ సాధారణంగా మూడు పనిదినాల్లో తేలకపోతే దుకాణం తుపాకీ అప్పగించవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో 9 మందిని చంపినవాడికి తుపాకీ అలాగే దొరికింది. 'అభ్యంతరం రాలేదు' అన్నది చాలకూడదు, 'సరే' అని జవాబు వచ్చాకే ఇవ్వాలి. అమెరికా తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. కొన్ని రోజుల ఆగుదల ఆ క్షణాన్ని దాటించగలదు.

తీరం:
లైసెన్సు రాష్ట్రాలవారీగా పెడితే సరిహద్దు మాటేమిటి?

లెక్కలు:
అదే మిగిలిన చిక్కు. షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో 1968 నుంచే తుపాకీ యజమాని కార్డు ఉండాలి. అయినా షికాగో పోలీసులకు నేరస్థలాల్లో దొరికే తుపాకుల్లో దాదాపు ఐదో వంతు వాటి మొదటి అమ్మకం పక్క రాష్ట్రం ఇండియానాలో జరిగినదే. కారులో గంట దూరం, మధ్యలో తనిఖీ ఏదీ లేదు.